మనసు మారింది, మాట మార్చాడు

నిన్న ఒకటి అనుకుని ఇవాళ మరొకటి అనుకోవడాన్ని తెలుగువాళ్లు రెండు రకాలుగా చెబుతారు. ‘వాడి మనసు మారింది’ అంటే విన్నవాళ్లు ‘పోన్లే’ అంటారు. ‘వాడు మాట మార్చాడు’ అంటే తగువు మొదలవుతుంది. నెల్లిమర్ల పల్లెల నోట ఇవే ‘ఆడి మనసు మారిపోనాది’, ‘ఆడు మాట మార్సీసినాడు’ అవుతాయి. యాస మారినా తేడా మారదు. మొదటి వాక్యంలో నింద లేదు, రెండోదాంట్లో ఉంది. ఆ నింద ఎక్కణ్నుంచి వస్తోందో, ఏదీ తేల్చి చెప్పకుండా తప్పించుకునేవాడికి అదే నింద ఎందుకు అంటుకుంటుందో చూడటం ఈ వ్యాసం పని.

ఇందుకు నెల్లిమర్లను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. చంపావతి నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి విజయనగరం పక్కనే. అభిప్రాయాలు మార్చడాన్ని ఒక విద్యగా బోధించిన కన్యాశుల్కం నాటకంలోని గిరీశం పుట్టింది ఆ విజయనగరంలోనే. జూట్ మిల్లు మూలంగా యాజమాన్యం, కార్మికులు, అధికారులు ఎదురెదురుగా కూర్చుని మాటలు తూచుకోవడం ఈ ఊరికి అలవాటు. పైగా 2008 పునర్విభజనతో ఏర్పడిన నెల్లిమర్ల శాసనసభ నియోజకవర్గం 2009 నుంచి 2024 వరకు జరిగిన నాలుగు ఎన్నికల్లో నాలుగు వేర్వేరు పార్టీలను గెలిపించింది.

మొదట అనుమానం వ్యాకరణం మీదికి పోతుంది. ‘మారు’ అకర్మకం, ‘మార్చు’ సకర్మకం. దానంతట అదే మారితే బాధ్యుడు లేడు, ఒకడు పూనుకుని మారిస్తే ఉన్నాడు. నింద అందుకే అనిపిస్తుంది. కానీ ఈ వివరణ ఒక్క ఉదాహరణకే కూలిపోతుంది. ‘మనసు మార్చుకున్నాడు’ అన్నప్పుడు కర్త ఉన్నాడు, పూనిక ఉంది, అయినా నింద లేదు. ‘అభిప్రాయం మార్చుకున్నాడు’ కూడా అంతే. మరోపక్క ‘మాట తప్పాడు’ అన్నప్పుడు మార్చడం అనే క్రియే లేదు, నింద మాత్రం నిండా ఉంది. కాబట్టి కీలకం క్రియలో లేదు, నామవాచకంలో ఉంది. మనసు తనది. మాట ఒకసారి బయటికి వచ్చాక విన్నవాడిది కూడా.

దీనికీ ఒక అడ్డు ఉదాహరణ ఉంది. ‘ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను’ అంటాం. ఇక్కడా మాటే మారుతోంది. అయినా అన్నవాడి పరువు పోదు, కొన్నిసార్లు పెరుగుతుంది. తేడా ఏమిటంటే ఇది ఎదుటివాడి ముందే, అతనికి చెప్పి చేసే పని. తీసుకోవడం అనే క్రియలోనే ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. అంటే తెలుగు నుడికారం మాట మార్చిన ప్రతివాణ్నీ తప్పుపట్టడం లేదు. విన్నవాడి అనుమతి లేకుండా, అతనికి తెలియనివ్వకుండా మార్చినవాణ్ని పడుతోంది. ఈ ఊహను ముందుంచుకుని మిగతా ఆధారాలు చూడాలి.

అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు, పులి కథ తెలియని తెలుగు పిల్లలు తక్కువ. బిడ్డకు పాలిచ్చి వస్తానని ఆవు మాట ఇస్తుంది, వస్తుంది. ఆవును మెచ్చుకుంటాం. కానీ కథలో నిర్ణయం మార్చుకున్నది పులి. తినదలచుకున్న ఆవును తినకుండా వదిలేస్తుంది. దాన్నీ మెచ్చుకుంటాం. ఒకే కథలో మాట మార్చనివాళ్లకీ, మనసు మార్చుకున్నవాళ్లకీ మార్కులు పడ్డాయంటే ఈ రెండూ తెలుగువాడి లెక్కలో వేర్వేరు ఖాతాలని అర్థం. పులి ఎవరికీ ‘నేను తప్పక తింటాను’ అని మాట ఇవ్వలేదు కదా అని ఎవరైనా అంటే, అవును, సరిగ్గా అదే ఇక్కడి సంగతి.

ఒక్క కథ రుజువు కాదు. దాని పక్కన హరిశ్చంద్ర నాటకాన్ని పెట్టి చూస్తే బరువు కొంచెం పెరుగుతుంది. ఆ నాటకంలో ఆడినమాట నిలబెట్టుకోవడం ఆలుబిడ్డల్ని అమ్ముకునే దాకా పోతుంది. హరిశ్చంద్రుడి మనసు ఎన్నిసార్లు కలతపడినా ప్రేక్షకుడు తప్పుపట్టడు. మాట కదిలితేనే కథ పోతుంది.

ఉత్తరాంధ్రలో ఈ విలువకు మరో పొర ఉంది, అది యుద్ధంలోంచి వచ్చింది. ‘మడమ తిప్పడం’, ‘వెన్ను చూపడం’ రణరంగపు మాటలు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం, 1794 జులైలో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో జరిగిన పద్మనాభం యుద్ధం ఈ జిల్లా జ్ఞాపకంలో పెద్దవి. మొదటిదాన్ని బుర్రకథలు ఊరూరికీ మోసుకెళ్లాయి. వీటిలో మెచ్చుకోలు అంతా వెనక్కి తిరగనివాళ్లకే. అయితే ఈ కథల వల్లే ఇక్కడివాళ్లకు మాట మార్చడం మీద కోపం ఎక్కువ అంటే నేను ఒప్పుకోను. బొబ్బిలి కథ రాయలసీమలోనూ విన్నారు, మడమ తిప్పననే మాటను ఈ కాలపు రాజకీయాల్లో ఇంటింటి మాటగా మార్చింది కడప జిల్లా నాయకుడు వై.ఎస్.రాజశేఖరరెడ్డి. యుద్ధం వల్ల నిందకు బొమ్మ దొరికింది, నింద పుట్టలేదు. అంతవరకే చెప్పగలం.

బొమ్మల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తెలుగులో నిలకడలేనితనానికి ఉన్న పలుకుబళ్లలో చాలావాటికి ఒళ్లు కదులుతుంది. మడమ తిరుగుతుంది, నాలుక మడతపడుతుంది, మనిషి గోడ దూకుతాడు, కప్పదాటు వేస్తాడు, రెండు పడవల మీద కాళ్లు పెడతాడు. ‘ఫిరాయించు’ కూడా తిప్పడమే, హిందుస్తానీ నుంచి వచ్చింది. ‘ప్లేటు ఫిరాయించడం’లోని ప్లేటు గ్రామఫోను రికార్డని, రెండోవైపు తిప్పి వేరే పాట వేయడమే దాని మూలమని ఒక వివరణ వినిపిస్తుంది. అప్పట్లో రికార్డుల్ని తెలుగువాళ్లు ప్లేట్లనే అనేవాళ్లు కాబట్టి ఆ వివరణ అసంభవం కాదు. సంభవం అన్నంత మాత్రాన అదే మూలమైపోదు. ఇతర దేశాలూ ఇలాంటి బొమ్మలే ఎంచుకున్నాయి. 1815లో పారిస్‌లో గాలికోళ్ల నిఘంటువు పేరుతో ఒక పుస్తకం వచ్చింది; విప్లవం, నెపోలియన్, మళ్లీ రాజు, ఈ మూడు కాలాల్లో గాలివాటుకు తిరిగినవాళ్ల పేర్లు అకారాదిగా అచ్చేశారు. 1989లో తూర్పు జర్మనీ కూలుతున్నప్పుడు రాత్రికి రాత్రి ప్రజాస్వామ్యవాదులైనవాళ్లను అక్కడివాళ్లు ‘వెండెహాల్స్’ అన్నారు, మెడ తిప్పే ఒక పిట్ట పేరది. జర్మనీలో మెడ, మనకు మడమ.

గిరీశం సంగతి కాస్త నిలబడి చూడాల్సింది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకం అనదగ్గ రెండో కూర్పు వచ్చింది. అందులో గిరీశం తన శిష్యుడు వెంకటేశానికి చేసే ఉపదేశం తెలుగునాట సామెతలా తిరుగుతోంది. ఆ మాటల్ని ఇక్కడ దింపను, సారం మాత్రం ఇది: అప్పుడప్పుడు అభిప్రాయాలు మార్చకపోతే రాజకీయవేత్త కాలేడు. సాధారణంగా దీన్ని రాజకీయాల మీద చురకగా చదువుకుని నవ్వి వదిలేస్తాం. నన్ను ఆపింది గిరీశం వాడిన నామవాచకం. మనసు అనలేదు, మాట అనలేదు. ‘ఒపీనియన్’ అన్నాడు.

గిరీశం మాట్లాడితే సగం ఇంగ్లీషే కాబట్టి దీనికి ప్రత్యేకార్థం లేదని కొట్టిపారేయవచ్చు. అది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఆ వాక్యంలో ‘మాట’ పెట్టి చూడండి: మాట మార్చకపోతే పెద్దవాడు కాలేడని గురువు శిష్యుడికి చెబితే అది మోసాన్ని బోధించడం, వెంకటేశమైనా ఉలిక్కిపడతాడు. ‘మనసు’ పెడితే ఉపదేశం మెత్తబడి వేదాంతం అవుతుంది. ఒపీనియన్ అంటే ఈ రెండింటి మధ్యా జారే వస్తువు. నలుగురిలో లెక్చర్ ఇవ్వడానికి పనికొస్తుంది కాబట్టి మాటలాంటిది. ఎవరికీ బాకీ పడదు కాబట్టి మనసులాంటిది. బయటికి చెప్పాలి, బాధ్యత ఉండకూడదు. సభలు, సంఘాలు, పత్రికలు తెలుగు ఊళ్లకు వస్తున్న ఆ రోజుల్లో ఇలాంటి సరుకు కొత్తగా అవసరమైంది. దాని పేరు కూడా ఆ సరుకుతోపాటే దిగుమతైంది. ఇవాళ ‘స్టాండ్ మార్చాడు’, ‘యూటర్న్ తీసుకున్నాడు’ అనే మాటలు అదే ఖాళీలో తిరుగుతున్నాయి.

గురజాడ ఇంతటితో ఆగి ఉంటే మాట మీద నిలబడేవాళ్లను మెచ్చుకునే నాటకం అయ్యేది. అలా చేయలేదు. అదే నాటకంలో అగ్నిహోత్రావధానులు ఉన్నాడు. చిన్నపిల్ల సుబ్బిని డబ్బుకు ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టడానికి తాంబూలాలు ఇచ్చేశాక ఇక ఎవరేమన్నా చర్చే లేదంటాడు. పెళ్లాం ఏడ్చినా, ఊరు నవ్వినా కదలడు. ఇచ్చినమాట అంటే ఇచ్చినమాటే. హరిశ్చంద్రుడి గుణమే, కానీ ఇక్కడ బలయ్యేది ఆ మాటలో భాగం లేని పిల్ల. అనుమతి లెక్క ఇక్కడ తిరగబడుతుంది: మాట మార్చడానికి లుబ్ధావధానుల ఒప్పుదల కావాలని తండ్రి అనుకుంటాడు, మాట ఇవ్వడానికి సుబ్బి ఒప్పుదల కావాలని అతనికి తోచదు. గిరీశం తేలిగ్గా మారిపోతాడు, అవధానులు చచ్చినా మారడు. నాటకకర్త ఇద్దరినీ నమ్మలేదు. మాట నిలబెట్టడమే గొప్ప అనే పాత లెక్కను ఉత్తరాంధ్ర గడ్డ మీద గట్టిగా ప్రశ్నించిన తొలి ఆధారాల్లో దీన్ని లెక్కించవచ్చని నా అభిప్రాయం. సరే, ఒపీనియన్.

ఆ తరంలోనే నిజజీవితపు ఉదాహరణ ఒకటుంది. వ్యావహారిక భాష కోసం పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి, విజయనగరం నుంచి గురజాడ పోరాడుతున్న రోజుల్లో ఎదుటిపక్షం బలంగా ఉంది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చి మరుసటేడు చనిపోయారు. కందుకూరి వీరేశలింగం జీవితమంతా రాసింది ఎక్కువగా గ్రాంథికం. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టినప్పుడు దాని అధ్యక్షస్థానంలో కూర్చున్నది మాత్రం ఆయనే. మూడు నెలల తర్వాత కన్నుమూశారు. గ్రాంథికంలో అన్ని పుస్తకాలు రాసిన పెద్దాయన చివరికి ఇటు రావడాన్ని భాషోద్యమ చరిత్రలు మద్దతుగా, ఆమోదంగా నమోదు చేశాయి. ఫిరాయింపు అనలేదు. అలా రాసినవాళ్లు గెలిచినపక్షం వాళ్లు కావడం ఒక కారణం కావచ్చు. మరో కారణం మనం ఇంతకుముందు అనుకున్నదే: గ్రాంథికంలోనే రాస్తానని ఆయన ఎవరికీ మాట ఇచ్చి ఉండలేదు, వచ్చేటప్పుడు నలుగురి ముందు కుర్చీలో కూర్చుని వచ్చారు.

ఇప్పుడు రెండో సగానికి వద్దాం: మార్చడానికి అసలు ఏదీ తేల్చి చెప్పనివాడి సంగతి. ఇక్కడ ఆధారాలు ఒక విచిత్రం చూపిస్తాయి. తేల్చనివాణ్ని గురించి పక్కవాళ్లు వాడే మాటలు కుప్పలుగా ఉన్నాయి: నీళ్లు నములుతున్నాడు, నాన్చుతున్నాడు, దాటవేస్తున్నాడు, మీనమేషాలు లెక్కిస్తున్నాడు, గోడమీద పిల్లిలా ఉన్నాడు. వీటిలో ఒక్కటీ అతను తన గురించి వాడుకోడు. ‘ప్రస్తుతం నేను నాన్చుతున్నాను’ అనే తెలుగువాణ్ని ఎవరూ చూసి ఉండరు. అతను తనకోసం వాడుకునేవి పలుకుబళ్లు కావు, వ్యాకరణపు తునకలు: చూద్దాం. ఏమో. కాబోలు. అట. -లే.

వీటిలో ‘చూద్దాం’ చాలా తెలివైనది. రూపం చూస్తే నేనూ నువ్వూ కలిసి చేద్దామని పిలవడం. తిందాం, పోదాం, చూద్దాం. అడగడానికి వచ్చినవాణ్ని కూడా కలుపుకుని ‘మనం’ చూద్దాం అంటాడు. ఇక ఆలస్యానికి ఇద్దరూ భాగస్వాములే. ‘చూస్తాను’ అంటే రేపు వచ్చి చూశావా అని అడగవచ్చు. ‘చూద్దాం’ అన్నవాణ్ని అలా నిలదీయడానికి క్రియే అడ్డొస్తుంది. దానికి చివర ‘లే’ చేరిస్తే, ‘సూద్దాంలే’, తలుపు ఇంకొంచెం మూసుకుంటుంది. ‘అట’ పని వేరు: మిల్లు తెరుస్తారట అన్నవాడు వార్త చెప్పాడు, పూచీ మాత్రం పడలేదు. ‘ఏటో, అవుతాదో అవదో’ అన్నది ఈ ప్రాంతంలో నిత్యం వినే జవాబు, రెండు వైపులా సమానంగా తూగుతుంది.

దీన్నిబట్టి ఉత్తరాంధ్రవాళ్లు తేల్చి చెప్పరని ఎవరైనా రాస్తే తొందరపాటే. ఇదే మాండలికంలో తెలుగు మొత్తంలోనే చాలా గట్టి నిరాకరణ ఒకటి బతికి ఉంది: ‘నానొల్ల’. ఒల్లను అనే క్రియ పాత కావ్యాల్లో నిండుగా ఉంది. మధ్యకోస్తా వాడుకలో, దానిమీద నిలబడిన పత్రికల భాషలో దాదాపు కనుమరుగైంది. అక్కడ ‘వద్దు’, ‘నాకిష్టం లేదు’ దాని పని చేస్తున్నాయి. ‘ఇష్టం లేదు’లో కారణం అడిగే సందు ఉంది. ‘ఒల్ల’లో లేదు. ఒకే మనిషి నోట పొద్దున ‘నానొల్ల’, సాయంత్రం ‘సూద్దాంలే’ వినవచ్చు. ఏది ఎవరి ముందు వాడతాడన్నదే చూడాల్సింది. ఇంట్లో, సమానుల మధ్య ఒల్ల చెల్లుతుంది. పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దమనిషికో, పనిచ్చే ఆసామికో, ఆఫీసరుకో చెప్పడం చెల్లదు. సంబంధం నచ్చనప్పుడు ‘ఇంట్లో మాట్లాడి కబురు చేస్తాం’ అంటారు, లేదా జాతకం మీద వేస్తారు. ఆ కబురు రాదని రెండు ఇళ్లకూ తెలుసు. ఇక్కడ తేల్చకపోవడం మర్యాద, మోసం కాదు. విన్నవాడి అనుమతి ఉన్నట్టే లెక్క, ఎందుకంటే అతనూ ఆ భాషలోనే పెరిగాడు.

నాన్చడం గురించి నెల్లిమర్ల చుట్టుపక్కల రైతులు మనకంటే బాగా చెప్పగలరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పండే గోగును కోసి, కట్టలు కట్టి చెరువులో వేసి రెండు మూడు వారాలు నానబెడతారు. తక్కువ నానితే పుల్ల నుంచి నార ఊడిరాదు. ఎక్కువ నానితే నార కుళ్లి బలం పోతుంది. భాష ఈ రెండు దశల్నీ విడదీసింది. ‘నానబెట్టాడు’ అంటే పని చేశాడు. ‘నాన్చాడు’ అంటే పని చెడగొట్టాడు. ఆలోచించడానికి గడువు తీసుకోవడాన్ని తెలుగు తప్పుపట్టదనీ, గడువు దాటించడాన్నే పడుతుందనీ చెప్పడానికి ఈ జంటకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆ నారే చేరే మిల్లు దగ్గర ఈ భాషకు మరింత బరువుంది. మూతలు, తెరుపులు, చర్చలు, వాయిదాలు ఎన్నో చూసిన మిల్లు అది. 1994 జనవరిలో ఆందోళన చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయిన ఊరు ఇది. ఇలాంటి చోట అధికార భాషకు ‘చూద్దాం’ చాలదు. దానికి సంస్కృతపు చొక్కా తొడిగి ‘సానుకూలంగా పరిశీలిస్తాం’ అంటారు. మర్నాడు పత్రికలో ‘సానుకూలంగా స్పందించారు’ అని వస్తుంది. ఏం జరిగిందని అడిగితే, స్పందన జరిగింది.

సంస్కృతపు చొక్కా అన్నది ఊరికే అనలేదు. పక్కపక్కన పెట్టి చూడండి. గోడమీద పిల్లి అంటే తిట్టు, ‘తటస్థుడు’ అంటే గౌరవం. మూలార్థంలో తటస్థుడు అంటే ఒడ్డున నిలబడ్డవాడు, ప్రవాహంలో దిగనివాడు. గోడమీద కూర్చున్నదీ, ఒడ్డున నిలబడ్డదీ దిగకుండా ఉన్నవే. నాన్చడం తప్పు, పునఃపరిశీలన ఒప్పు. మాట మార్చడం తప్పు, పునరాలోచన ఒప్పు. చదువుకున్నవాడి వెనకడుగుకు తత్సమ పదం, చదువులేనివాడి వెనకడుగుకు దేశ్య పదం దొరుకుతున్నాయా అన్న అనుమానం ఇక్కడ సహజంగా వస్తుంది. కొంతవరకు నిజమే. పూర్తిగా కాదు: ‘మనసు మారింది’లో సంస్కృతం వాసన ఎవరికీ తగలదు, అయినా అది నిర్దోషి. ‘ద్వంద్వ వైఖరి’ పక్కా సంస్కృతం, అది నిందే.

రాజకీయాల్లోకి వస్తే ఒకే చర్యకు రెండు నిఘంటువులు కనిపిస్తాయి. నాయకుడు వచ్చి చేరిన పార్టీ పత్రిక ‘కండువా కప్పుకున్నారు’, ‘తీర్థం పుచ్చుకున్నారు’ అని రాస్తుంది. ఇంతకుముందు అక్కడే ఉండి వెళ్లినవాడైతే ‘సొంతగూటికి చేరారు’. వదిలి వచ్చిన పార్టీ పత్రికలో అదే రోజు ‘గోడ దూకారు’, ‘జంప్ జిలానీ’, ‘ఫిరాయింపు’. రామతీర్థం ఉన్న మండలంలో తీర్థం పుచ్చుకోవడానికి వేరే అర్థం ఉందని గుర్తుచేయడం వృథా ప్రయాస. ‘రెండు కళ్లు’ కథ కూడా ఇలాంటిదే. తెలంగాణ, సీమాంధ్ర రెండూ తనకు రెండు కళ్లన్న చంద్రబాబు నాయుడి ఉపమానం ఆయన నోట మమకారం. ప్రత్యర్థుల నోట అది ‘రెండు కళ్ల సిద్ధాంతం’గా మారి ఏ వైఖరీ లేకపోవడానికి పేరైంది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించిన కేంద్రం, డిసెంబరు 23న విస్తృత సంప్రదింపులు కావాలంది. ఒక ప్రాంతానికి అది మాట తప్పడం, మరో ప్రాంతానికి పునరాలోచన. పదం చూస్తే పలికినవాడి ఊరు తెలిసిపోయేది.

నెల్లిమర్ల ఎన్నికల పట్టిక ఈ చర్చకు జాగ్రత్తగా వాడుకోవాల్సిన ఆధారం. 2009లో కాంగ్రెస్ తరఫున బడ్డుకొండ అప్పలనాయుడు గెలిచారు. 2014లో తెలుగుదేశం తరఫున పతివాడ నారాయణస్వామి నాయుడు. అంతకుముందు భోగాపురం నుంచి పలుమార్లు అదే పార్టీ తరఫున నెగ్గినవారు. 2019లో మళ్లీ అప్పలనాయుడు, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున. 2024లో జనసేన తరఫున లోకం నాగమాధవి. పార్టీ మారని నాయకుణ్నీ, పార్టీ మారిన నాయకుణ్నీ ఒకే నియోజకవర్గం గెలిపించింది. రెండు ఎన్నికల మధ్య పార్టీ మారి, కొత్త గుర్తుతో ఓటరు ముందుకు వచ్చినవాణ్ని చట్టం ఫిరాయింపుదారు అనదు. ఓటరూ అనలేదు. ఓటరు మాత్రం ప్రతిసారీ మారాడు, అతన్ని ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా: ఓటు ఎవరికీ ఇచ్చిన మాట కాదు.

చట్టం లెక్క ఏమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి దేశానికి ‘ఆయారాం గయారాం’ అనే పదబంధం ఇచ్చాడు. 1984 ఆగస్టులో ఫిరాయింపుల బలంతోనే నాదెండ్ల భాస్కరరావు ఎన్టీ రామారావును దించి నెల రోజులు ముఖ్యమంత్రిగా ఉన్నారు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. దాన్ని తెలుగులో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం అన్నారు. పార్టీని తనంతట తాను వదిలినా, విప్‌ను ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. చట్టం శిక్షించేది అభిప్రాయ మార్పును కాదు, ఓటరును మళ్లీ అడగకుండా ఆ కుర్చీలోనే కొనసాగడాన్ని. ‘మాట మార్చాడు’ అనే వాక్యంలో మనం చూసిన తర్కమే ఇది.

ఆ తర్కాన్ని ఆంధ్రప్రదేశ్ రెండుసార్లు పరీక్షించింది. 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంపై విప్ ధిక్కరించిన కాంగ్రెస్ సభ్యులు అనర్హులయ్యారు; 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు జరిగిన ఉప ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది. కుర్చీ పోయాక మళ్లీ ఓటరు దగ్గరికి వెళ్లినవాళ్లలో ఎక్కువమందిని ఓటరు తప్పుపట్టలేదు. 2014-19 సభలో అదే పార్టీ నుంచి 23 మంది తెలుగుదేశంలో చేరారు, రాజీనామా లేకుండా. 2019లో వాళ్లలో చాలామంది ఓడిపోయారు. రెంటినీ కలిపి ఊహ రుజువైందనడం తేలికే, కానీ సరికాదు. 2012లో రాజశేఖరరెడ్డి మరణానంతర సానుభూతి ఉంది. 2019లో తెలుగుదేశం రాష్ట్రమంతటా 175లో 23 స్థానాలకే పడిపోయింది, ఫిరాయించనివాళ్లూ కొట్టుకుపోయారు. ఆధారాలు ఊహకు అడ్డం తిరగలేదు, అంతే.

పార్టీ మారిన ఆ 23 మంది మీద ఇచ్చిన ఫిర్యాదులు మాత్రం సభ గడువు ముగిసేదాకా తేలలేదు. పదో షెడ్యూలు నిర్ణయాధికారాన్ని స్పీకరుకు ఇచ్చింది, గడువు పెట్టలేదు. మాట మార్చినవాళ్లను పట్టడానికి చేసిన చట్టం ఇలా తేల్చకపోవడం దగ్గర చిక్కుకుంది. ఈ వ్యాసపు రెండు సగాలూ స్పీకరు బల్ల మీద ఒకే ఫైలులో కలిశాయి. దీనిమీద నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ 2017 చివర్నుంచి సభకే రావడం మానేసింది. మణిపూర్ ఫిరాయింపు కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. 2025 జులైలో తెలంగాణ శాసనసభలో భారత రాష్ట్ర సమితిని వదిలి వెళ్లిన పదిమంది సభ్యుల కేసులోనూ స్పీకరుకు మూడు నెలల గడువే పెట్టింది. గోగు కట్టకు రైతు ఇచ్చేది మూడు వారాలు.